బోర్డు మీద వాన

జూలై 3, 1945. మంగళవారం. పత్తికొండ

ఆలూరులో పులి రాలేదని బెంచీలు విరగ్గొట్టారు. దానికి నన్ను తిడితే ఎట్లా?

పులిని రాసింది నేనే, కాదనను. సినిమాలో పులి లేదు, అదీ కాదనను. కానీ ఆ సినిమాలో ఉన్నదేమిటి? ఒక రాజు, ఒక మంత్రి. ఇద్దరూ నిలబడి మూడు గంటలు మాట్లాడుకుంటారు. మాట్లాడుకునే ఇద్దరు ముసలివాళ్లను బోర్డు మీద రాసి బండికి కట్టి ఊరేగిస్తే, బండి లాగే ఎద్దులు కూడా తల తిప్పి చూడవు. అందుకని మంత్రి వెనకాల పొదలో ఒక పులిని పెట్టాను. పెద్దది కూడా కాదు. తల, రెండు మీసాలు. జనం ఆ పులి కోసం ఓపిగ్గా కూర్చున్నారు. ఆట అయిపోయి తెర తెల్లబడ్డాక కూడా కూర్చున్నారు. తర్వాత లేచారు.

పోలీసులు వచ్చారు. సినిమా డేరా యజమాని శివన్న వాళ్ల కాళ్లావేళ్లా పడి, లైసెన్సు పోకుండా కాపాడుకుని, డేరాను ఇక్కడికి ఎత్తుకొచ్చాడు. ఈరోజు పొద్దున గుంజలు పాతే పని ఆపి మరీ నన్ను పిలిచాడు.

"ఇదో చూడప్పా ఆనందం. ఈ తూరి డేరాలో ఏముంటే బోర్డు మీద అదే ఉండాల. ఇంకొక్క తూరి నీ చేష్టలు చూపిస్తివా, నీ కుంచెలు నీ చేతికిచ్చి ఇంటికి తోలిస్తా. కర్నూల్లో బొమ్మలు రాసేటోళ్లు శానామంది ఉండారు."

"పులి రాకపోతే నన్నంటే ఎట్ల సావుకారా? దాన్ని అడగాల," అన్నాను.

సినిమా మిషన్ తిప్పే పీర్ బాషా పక్కకు తిరిగి నవ్వాడు. శివన్న నవ్వలేదు. నా మాటకు శివన్న నవ్వలేదంటే అది ఉత్త బెదిరింపు కాదు.

నాకు భయమేమీ లేదు. ఇరవై ఏళ్లు నాటకాల కంపెనీలో తెరలు రాసినవాణ్ణి. ఆ కంపెనీ మూతపడింది కాబట్టి ఇక్కడున్నాను. ఇదీ పోతే గోడలకు సున్నం కొట్టుకుంటాను. నడుం వంగదు గానీ, కొట్టుకుంటాను.

జూలై 4

రాత్రి నిద్ర పట్టలేదు. దోమలు అన్నాను. "నీళ్లే లేవు, దోమలు యాడివి?" అంది జీవమ్మ. నా పెళ్లానికి నేను ఏం చెప్పినా ముందు అబద్ధమనుకోవడం అలవాటు. పెళ్లయిన కొత్తలో వాళ్ల నాన్న చర్చిలో పాదిరి అయిపోయాడని చెప్పి మూడు రోజులు నమ్మించాను. అప్పటి నుంచి.

జూలై 6, శుక్రవారం

గుంతకల్లు నుంచి కొత్త సినిమా పెట్టె వచ్చింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి కాగితం లేదు కాబట్టి అచ్చు పోస్టర్లు లేవు. చూసి రాయడానికి ఒక్క ఫోటో అయినా పెట్టలేదు. సాంఘికం, కన్నీటి కథ అని పెట్టె మీద చాక్‌పీసుతో రాసి ఉంది. అంతే.

"ఏడుపు పటమా? కరువులో ఏడ్చేకి ఎవురొస్తారప్పా? ఇంట్లో ఊరికే ఏడ్చుకోవచ్చు కదా," అన్నాడు శివన్న.

ఆయన బాధ అదీ. నా బాధ వేరు. మా తట్టు పల్లెల్లో అక్షరం ముక్క తెలిసినవాడు ఊరికొకడు. బండి మలుపు తిరగకముందే అది ఏ రకం సినిమానో వాళ్లకు బోర్డు చెప్పాలి. తల వెనక పచ్చటి చక్రం ఉంటే దేవుడు. దేవుడికి పాదాలు కూడా రాయాలి, లేకపోతే దండం ఎక్కడ పెట్టాలో తెలియక ముసలమ్మలు నన్ను తిడతారు. ఆకాశం ఎర్రగా ఉండి గుర్రం ఎగురుతుంటే కొట్లాట. గుర్రం నాలుగు కాళ్లూ గాల్లోనే ఉండాలి. ఒక్క కాలు నేలకు తగిలినా వయసు పిల్లలు రారు. సాంఘికానికి ఒళ్లు అక్కర్లేదు, ముఖాలు చాలు. మొగుడి ముఖం ఒక పక్క, పెళ్లాం ముఖం ఒక పక్క, మధ్యలో సందు. సందు వెడల్పయిన కొద్దీ ఏడుపు ఎక్కువ. ఆ సందులోంచి ఇంకో ఆడది ఓరగా చూస్తుంటే మూడు గంటల కథా బోర్డు మీదే అయిపోయినట్టు.

ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. బండి వెనక నడుస్తూ జనం మొహాలు చూసి నేర్చుకున్నాను. శివన్నకు ఇది పని కింద కనిపించదు. రంగు పూయడం అనుకుంటాడు.

జూలై 7, శనివారం

డేరా ఇంకా లేవలేదు కాబట్టి శివన్నకున్న శనక్కాయల గోడౌనులో తలుపులు మూసి, గోడ మీద వేసుకుని సినిమా చూశాం. శివన్న, పీర్ బాషా, నేను.

ఒక ఆడమనిషి. మొగుడు పోయాడు. చంటిబిడ్డ ఉంది. తోటికోడలు ఆమె మీద దొంగతనం మోపి, వాన కురుస్తుండగా ఇంట్లోంచి గెంటి తలుపు వేసుకుంటుంది. ఈమె ఆ తలుపు వైపు కూడా చూడదు. తల వంచుకుని, బిడ్డను కొంగు కింద దాచుకుని నిలబడుతుంది. మాటా లేదు, పాటా లేదు. వాన చప్పుడొక్కటే. అది రెండు నిమిషాలు కూడా ఉండదు. మిగతా అంతా మామూలే, కోర్టులూ క్షమాపణలూ.

గోడౌనులో దుమ్ము ఎక్కువ. కళ్లలో పడింది. పీర్ బాషాకు కూడా పడింది.

"ఆనందమన్నా, ఇది రాయి నువ్వు. ఈ ఒక్కటి రాస్తే చాలు," అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. చేష్ట లేదు, పులి లేదు. ఉన్నది ఉన్నట్టు రాసి ఈ శివన్న నోరు మూయిస్తాను.

జూలై 9

బోర్డు అయిపోయింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. బాగా వచ్చింది. నేను చెప్పుకోకూడదు గానీ, బాగా వచ్చింది.

మొహాలూ సందూ పద్ధతి వదిలేశాను. మనిషినంతా నిలబెట్టాను. తల వంచింది, ఒళ్లో బిడ్డ, వెనకాల మూసిన తలుపు, పైనుంచి కిందిదాకా వాన. యుద్ధానికి ముందు బొంబాయి నుంచి వచ్చిన ఏడుపు పోస్టర్లన్నిటిలో వాన ఉండేది. కన్నీళ్లు దూరానికి ఆనవు. వాన ఆనుతుంది. వాన ఉందంటే ఆ మనిషి కష్టంలో ఉందని లెక్క. నాటకాల కంపెనీలో నేనే ఎన్ని వానలు రాశానో. నీలం ముందు వేసి, అది ఆరకముందే తెలుపు ఏటవాలుగా లాగాలి. గాలి ఎటునుంచి వీస్తుందో కూడా తెలుస్తుంది.

జీవమ్మ దూరంగా నిలబడి చూసింది. దగ్గరికొచ్చి చూసింది. తలుపు పక్కన చూసింది. కింద మూలలన్నీ వెతికింది.

"ఏం వెతుకుతాండావు?"

"పులి యాడుందా అని."

"లేదు మే. ఉండేదే రాసినా."

"ఈమె ఏం తప్పు చేసినాది?"

"ఏమీ చెయ్యలేదు."

"ఊరికేనే నిలబెట్టినారా వానలో?" అంది. ఇంకాసేపు చూసి కడవ తీసుకుని నీళ్లకు పోయింది. ఆ మనిషి మెచ్చుకుందో లేదో ఎప్పటికీ అర్థం కాదు.

జూలై 11, బుధవారం

బండికి బోర్డు కట్టి ఆస్పరి దారిలో పల్లెలు తిరిగాం. తప్పెట కొట్టే పుల్లన్న, నేను. ఎక్కడ ఆగితే అక్కడ ఆడవాళ్లు పని వదిలి బయటికొచ్చారు. బండి దగ్గరికొచ్చి బోర్డు వైపే చూశారు. ఒకామె చేతులు జోడించింది. సాంఘికానికి చేతులు జోడించడం నేను ఇంతవరకూ చూడలేదు.

ఏడుపు పట్టింది. వాన రాసినవాడికి తెలియదా.

జూలై 12, గురువారం

బోర్డు పోయింది.

నిన్న చేతులు జోడించిన పల్లెలోనే. బండి ఆపి, పుల్లన్న తప్పెట తీసేలోపల ఒక ముసలామె కడవతో వచ్చింది. పేరు వెంకటేశ్వరమ్మ అని తర్వాత తెలిసింది. నాకు తాగడానికి తెచ్చిందేమో, మంచి మనిషి అనుకున్నాను. కడవ ఎత్తి బోర్డు మీది ఆడమనిషి నెత్తిన గుమ్మరించింది. వెనకే ఇంకో కడవ. ఇంకో చెంబు. జిగురు కాచి కలిపిన రంగులు, నీళ్లు తగిలితే నిలుస్తాయా? ముందు నీలం కారింది. తర్వాత తలుపు. చివరికి ఆ మొహం కారి గడ్డం కిందికి వచ్చేసింది.

"ఏందవ్వా ఇది! అంతా పాడు చేస్తివే!"

"పాడేందప్పా? పోసేకే కదా నిలబెట్టినావు," అంది.

అప్పుడు వెలిగింది నాకు. వాన రాని ఏడు ఈ పల్లెల్లో ఆడవాళ్లు ఒకామెకు వేపమండలు కట్టి, ఒళ్లో మట్టిబొమ్మ పెట్టి, వానమ్మ అని ఇల్లిల్లూ తిప్పుతారు. ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటివాళ్లు నెత్తిన నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు నేలకు తగిలేదాకా ఆమె తల ఎత్తకూడదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మాలాంటి మిషను కాంపౌండు కిరస్తానం వాళ్లు చెయ్యరు గానీ, చూడకుండా ఎవరున్నారు? మరి రాసేటప్పుడు ఎందుకు తట్టలేదు? బొంబాయి వాన తలకెక్కి కూర్చుంది నాకు.

"అవ్వా, ఈమె వానమ్మ కాదు. ఇది సినిమా. ఈమెను ఇంట్లోంచి ఎళ్లగొట్టినారు. కష్టంలో ఉండాది."

"కష్టమేందప్పా! పైన అంత వాన పడతాంటే కష్టమా?" అని పక్కనామెను చూసి నవ్వింది. "వానొస్తే ఎవురన్నా ఇంట్లో ఉంటారా? మేమూ బయటికే వస్తాం. ఎళ్లగొట్టే పనే లేదు."

అందరూ నవ్వారు. ఇంతకాలం జనాన్ని నవ్వించి బతికాను. ఇట్లా ఎప్పుడూ నవ్వించలేదు.

కోప్పడదామనుకున్నాను. కానీ ఆ కడవెడు నీళ్లకు ఆ ముసలామె ఏ బావి దాకా పోయి వచ్చిందో. ఆమె కాళ్లకు దారి ఎర్రదుమ్ము మోకాళ్ల దాకా ఉంది.

జూలై 13

మళ్లీ రాశాను. ముక్కు మొన్నటి మాదిరి రాలేదు.

మధ్యాహ్నం శివన్న అరుచుకుంటూ వచ్చాడు. పల్లెల్లో బండ్లు కడుతున్నారట. వేపమండలు, తప్పెట్లు, పసుపు నీళ్లు. వాన సినిమా వచ్చిందని, డేరాలో వానమ్మ కథ ఆడతారని.

"నీకు చెప్పితి కదరా! ఆలూరులో పులి, ఈడ వానా? ఊరూరు తిరిగి వాన పటమని చెప్పుకోనొచ్చినావంట!"

"నేనేం చెప్పలేదు సావుకారా. ఉండేదే రాసినా. నువ్వూ చూస్తివి కదా, ఆమె వానలో నిలబడ్లేదా?"

"రెండు నిమిషాలు! రెండు నిమిషాల వానకు అంత బోర్డా? పులి కూడా ఉండేదేనంటావేమో!"

"పులి లేదు. వాన ఉండాది."

"నీ మాట ఎవురు నమ్ముతారప్పా?" అన్నాడు.

పీర్ బాషా నా వైపు మాట్లాడబోయి, శివన్న చూపు చూసి, మిషన్‌కు నూనె పోయడానికి పోయాడు.

ఇంట్లోనూ అదే. "నిజంగా నువ్వు చెప్పలేదా?" అంది జీవమ్మ.

"చెప్పలేదు."

"బైబిలు పట్టుకోని చెప్పు."

"బైబిలు మీద ఒట్టు పెట్టొద్దని బైబిల్లోనే ఉండాది కదా."

"అయితే నువ్వే చెప్పినావు," అని దీపం తగ్గించింది.

ఆలూరులో అబద్ధం రాస్తే జనం నమ్మారు. ఇక్కడ నిజం రాస్తే నా ఇంట్లో మనిషే నమ్మదు. ఏం బతుకు ఇది!

జూలై 14, శనివారం. రాత్రి రాయలేక 15 పొద్దున రాస్తున్నది

డేరాలో జనం పట్టలేదు. ముందు వరసల్లో పల్లె ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు, ఒళ్లో వేపమండలు. కోర్టులు వచ్చినా, పాటలు వచ్చినా కదలరు, మెదలరు. బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. నేను గుంజకానుకుని నిలబడ్డాను. బెంచీలు లెక్కపెట్టుకుంటున్నాడు శివన్న.

తోటికోడలు తలుపు తెరిచింది. ఆమెను గెంటింది. వాన మొదలైంది.

డేరా పైకప్పు లేచిపోతుందనుకున్నాను. ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. తెర మీదికి వేపాకు విసిరారు. "పడనీ! పడనీ!" అని కేకలు. తోటికోడలు తలుపు వేసుకుంటే ఈలలు, చప్పట్లు. మా నాటకాల్లో కూడా అంత దుర్మార్గురాలికి అన్ని చప్పట్లు చూడలేదు. బిడ్డ ఏడుస్తోంది తెరమీద, ఎవరికీ వినబడలేదు.

వాన ఆగింది. జనం ఆగలేదు. మళ్లీ వెయ్యమన్నారు. శివన్న పరిగెత్తి మిషన్ దగ్గరికి పోయి, "చుట్టు, చుట్టు, మళ్లీ చుట్టు!" అన్నాడు. పీర్ బాషా రీలు వెనక్కి చుట్టాడు. ఆమెను మళ్లీ గెంటారు. జనం మళ్లీ లేచారు. ఇంకోసారి గెంటారు.

జీవమ్మ వచ్చిందని నాకు తెలియదు. మా చర్చి అయ్యగారు సినిమా పాపమంటారని ఆమె ఇంతవరకు డేరా తడిక దాటింది లేదు. ఇంటికి పోతూ దారిలో కనిపించింది, పక్కన నడిచింది. "బిడ్డ తడిసినాడు. మూడు తూర్లు తడిపినారు," అంది.

డేరాలో అంతమందిలో ఈ ఒక్క మనిషి నేను రాసింది చూసింది.

జూలై 17

రోజూ నిండుతోంది. శివన్న నన్ను చూసి నవ్వుతున్నాడు. బీడీ కూడా ఇచ్చాడు. "భలే ఎత్తు ఎత్తినావప్పా," అంటాడు. ఎత్తు కాదు అంటే ఇంకా నవ్వుతాడు.

జూలై 18

ఈరోజూ ఆమెను గెంటారు. చూడటానికి పోలేదు. చప్పట్లు ఇంటిదాకా వినిపించాయి.

జూలై 21, శనివారం

కొత్త పెట్టె. కత్తుల సినిమా. గోడౌనులో వేసుకుని చూశాం. గుర్రాలు, ఇసుక, ఎండ, మళ్లీ గుర్రాలు. తలుపు తీయగానే శివన్న అన్నాడు:

"దీనికి గూడా వాన రాయి."

"సావుకారా, దీంట్లో చుక్క నీళ్లు లేవు. గుర్రాలు గూడా తాగలేదు."

"రాయప్పా. ఎవురు చూడొచ్చినారు?"

"అందరూ చూడొస్తారు. దానికే వస్తారు. డేరాలో ఏముంటే అదే రాయమంటివి కదా?"

"అప్పుడు అన్నాలే. నువ్వు నాకు నీతులు చెప్తాండావా? పులి రాసినోడివి!"

నిజమే, పులి రాసినవాణ్ణే. నవ్వు కూడా వచ్చింది. అయినా రాయనన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే వెనక్కి చూసుకున్నాను. పులి లేదని తెలిసిన రోజు జనం బెంచీలు విరగ్గొట్టి హాయిగా ఇంటికి పోయారు. వాన సంగతి అట్లా కాదు. అంతకంటే నాకు చెప్పడం రాలేదు. శివన్నకు అదీ చెప్పలేదు. "చెయ్యి నొస్తాంది," అన్నాను.

గుర్రాల బోర్డు రాసి ఇచ్చాను. ఎర్ర ఆకాశం, నాలుగు కాళ్లూ గాల్లో. వాన లేదు.

జూలై 22, ఆదివారం

కుంచెలు చేతికిచ్చాడు. మాట ప్రకారం.

"ఏం చేసినావు ఈ తూరి?" అంది జీవమ్మ.

"వాన రాయనన్నా."

"నువ్వా? రాయనన్నావా?" అని కుంచెల వైపు చూసింది. "నిజం చెప్పు. ఎవురి మొహానికన్నా మీసాలు పెట్టినావా?"

జూలై 24

శివన్న తనే వాన రాశాడు. సున్నంలో చీపురు ముంచి, పైనుంచి కిందికి నిలువు గీతలు. గుర్రాలు జైలు కమ్మీల వెనక ఎగురుతున్నట్టుంది. కర్నూలు నుంచి ఎవరినో పిలుస్తానన్నాడు కదా, వానకు చీపురు చాలనిపించింది కాబోలు.

బండి నిన్ననే పల్లెలకు పోయింది. సాయంత్రం తిరిగొచ్చిన బోర్డు చూశాను. నీళ్లు పోశారు. గుర్రాలు కారిపోయాయి, రౌతులు కారిపోయారు. సున్నం కదలదు కదా. వాన ఒక్కటే మిగిలింది.

జూలై 27

రేపు మొదటి ఆట. బండ్లు కడుతున్నారని పుల్లన్న చెప్పాడు. నాకెందుకు? నేను ఇప్పుడు డేరా మనిషిని కాను. సున్నం పని అడిగి వచ్చాను. చూద్దామన్నారు.

జూలై 28, శనివారం

పోయాను. పని లేదు కదా, ఊరికే పోయాను.

డేరా ముందు బండ్లలోంచి జనం దిగుతున్నారు. నేను తడిక దగ్గర నిలబడి అందరికీ వినబడేట్టు అరిచాను. "దీంట్లో వాన లేదు! గుర్రాలే ఉండాయి! ఇండ్లకు పోండి!"

ఒకడు, "పులుందా ఆనందమప్పా?" అన్నాడు. ఇంక చూడాలి ఆ నవ్వులు. నేను ఎంత గట్టిగా అరిస్తే అంత నవ్వారు. శివన్న టిక్కెట్ల దగ్గర నుంచి నన్ను చూసి తనూ నవ్వాడు. నేను తన పని చేస్తున్నానని ఆయనకు అర్థమైంది. నా ఖర్మ నాకూ అర్థమైంది.

వెంకటేశ్వరమ్మ తన ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"అవ్వా, నా మాట విను. లోపల వాన లేదు. సావుకారు సున్నంతో గీసినాడు."

"పోప్పా," అంది ముద్దుగా. "పోయిన తూరి గూడా వానమ్మ కాదంటివి. కండ్లారా చూసొచ్చినాం. నువ్వు లేదంటే ఉన్నట్లే."

లోపలికి పోయారు. నేను బండ్ల పక్కన రాయి మీద కూర్చున్నాను. కత్తుల చప్పుడు, గుర్రాల చప్పుడు. మధ్యలో "వాన! వాన!" అని కేకలు. తర్వాత ఆ కేకలు కూడా లేవు. బెంచీలు ఎప్పుడు విరుగుతాయా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. విరగలేదు. ఆట అయిపోయింది. అందరూ మెల్లగా బయటికొచ్చారు. ఒక్క తిట్టు లేదు. వేపమండలు ఒళ్లోనే ఉన్నాయి.

"ఆనందమే రాసినాడు, నాకేం తెలీదు!" అని శివన్న ఎవరూ అడగకుండానే అంటున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

వెంకటేశ్వరమ్మ నా దగ్గరికొచ్చి ఆ రాయి మీదే పక్కన కూలబడింది.

"నువ్వు చెప్పినావు కదప్పా. నిజమే చెప్పినావు."

పదిహేను రోజులుగా ఈ మాట కోసం శివన్నతో, జీవమ్మతో, ఊరంతటితో కొట్లాడాను. ఇప్పుడొచ్చింది.

"నువ్వు ఎచ్చులకు పోకుండా చెప్పేటోడివని ఇప్పుడు తెలిసినాది," అంది. "అయితే ఇంక పడదా?"

"సినిమాలోనా?"

"సినిమాలో కాదు."

నా మొహంలోకే చూస్తోంది. డాక్టరు మొహంలోకి చూసినట్టు. కళ్లలో ఆ గోడౌను దుమ్ము లాంటిదేదో.

"పడతాదవ్వా," అన్నాను.

"ఎప్పుడు?"

"ఈ కార్తె పోనీ. ఆశ్లేషలో తప్పకుండా పడతాది."

తల ఊపింది. మోకాళ్లు పట్టుకుని లేచింది. "అయితే విత్తనం తీయమని చెప్తా మావాళ్లకు. తిందామా, దాచుదామా అని కొట్లాడుకుంటాండారు," అని బండి వైపు పోయింది.

నేను ఏమన్నానో నాకు అప్పుడు తెలిసింది. పిలిచాను. తప్పెట్లు మోగాయి, చక్రాలు కదిలాయి, ఆమెకు వినబడలేదు.

జూలై 29, ఆదివారం

తెల్లారకముందే చెప్పులు వేసుకుంటుంటే జీవమ్మ అడిగింది. "గుడికి రావా, ప్రార్థనకు? యాడికి పోతాండావు?"

"ఆస్పరి దారికి. ఆ ముసలామెకు అబద్ధం చెప్పినా. వాన సంగతి నాకు తెలీదని చెప్పొస్తా."

ఈసారి బైబిలు పట్టుకోమనలేదు. "నమ్ముతాదా?" అంది. దారికి రాగి సంకటి ముద్ద కట్టి ఇచ్చింది.

ఎండ ఎక్కాక చేరాను. వెంకటేశ్వరమ్మ ఇంటి ముందర వేపచెట్టు నీడలో ఆడవాళ్లు చుట్టూ కూర్చుని విత్తనం శనక్కాయలు వలుస్తున్నారు. చిట్‌చిట్ మని చప్పుడు. మధ్యలో ఎర్రటి గింజల కుప్ప. ఒక మూల నాగలి కర్రకు కొత్త తాడు కడుతున్నాడు ఆమె కొడుకు.

"ఇదో వచ్చినాడు ఆనందమప్ప!" అని చాప జరిపారు.

నిలబడే చెప్పాను. "అవ్వా, నిన్న నేను అన్న మాట ఊరికే అన్నా. ఆశ్లేషలో పడతాదో లేదో నాకు తెలీదు. నాకెట్ల తెలుస్తాది? ఈ గింజలు ఇప్పుడే వలచొద్దు, వలిస్తే నిలవ ఉండవు. సంచిలో ఉండనీండి."

వెంకటేశ్వరమ్మ నా వైపు చూసింది. చెయ్యి ఆగింది. చెబుతున్నాను కదా, నిజంగా ఆగింది. తర్వాత ఆ మొహమంతా నవ్వు పరుచుకుంది.

"చూడండే ఎట్ల ఎగతాళి చేస్తాండాడో! ఇంత ఎండలో నడిచొచ్చినాడు, మనల్ని బెదిరించేకి!"

ఒకామె నవ్వి నవ్వి దగ్గింది. కొడుకు తాడు ముడి పళ్లతో బిగిస్తూ, "కూర్చో అన్నా, ఎండకు నిలబడొద్దు," అన్నాడు. చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది ఎవరో. అది ఏ బావి నీళ్లో నాకు తెలుసు. తాగాను.

మళ్లీ చెప్పాను. మళ్లీ నవ్వారు. కుప్ప పెరుగుతోంది.

చేసేదేం లేక చాప మీద కూర్చున్నాను. ఎవరో నా ముందుకు ఒక చాట తోశారు. కాయ తీసి బొటనవేలితో నొక్కాను. రెండు గింజలు. పొట్టు ఊడకుండా, గీత పడకుండా మెల్లగా వలచాలి, లేకపోతే మొలవవు అంది వెంకటేశ్వరమ్మ. మెల్లగానే వలుస్తున్నాను.

ఇది రాసేది వాళ్ల అరుగు మీదే. ఇంకా సగం బస్తా ఉంది.